ఆరోగ్యశ్రీ కోసం ఎమ్మెల్యే దగ్గరికి ఎట్లా పోవాలి

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడై నాలుగేళ్లయింది. మంగళ, గురు, శనివారాలు పొద్దున 5 గంటల బస్సుకు మహబూబ్‌నగర్ పోతాం. నాలుగు గంటలు డయాలసిస్ మిషన్ మీద ఉంటాడు, మధ్యాహ్నం దాటినాక ఇంటికొస్తాం. అంతా ఆరోగ్యశ్రీ మీదనే. 2007లో ఈ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి, అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. ఆ రోజుల్లోనే మా అత్తమ్మకు గుండె ఆపరేషన్ అయింది. ఉన్న ఎకరం అమ్మకుండా బయటపడ్డాం.

ఒక గురువారం పొద్దున కౌంటర్ దగ్గర పిల్ల చెప్పింది: "బకాయిలు రాలేదంట ఆంటీ, ఇయ్యాల్టి నుంచి ఆరోగ్యశ్రీ కింద చేస్తలేరు. పైసలు కడితే చేస్తరు." చిట్టీ కోసం పక్కన పెట్టిన డబ్బు కట్టిన. మిషన్ ఒక్క రోజు ఆగినా మా ఆయన కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరి ఆడదు. ఇంకో దారి లేదు.

మరునాడు ఎమ్మెల్యే ఇంటికి పోయిన. పీఏ తలెత్తకుండానే "సీఎంఆర్‌ఎఫ్‌కా? బిల్లులు, ఆధార్, పాసుబుక్కు జిరాక్సు పెట్టి పో" అన్నాడు. సీఎంఆర్‌ఎఫ్ అంటే ముఖ్యమంత్రి సహాయ నిధి. పెట్టి వచ్చిన. కొన్ని నెలలకు కట్టినదాంట్లో కొంత చెక్కు వచ్చింది. మాకు అక్కరకొచ్చింది, కాదనను. కానీ ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు ఒక్క ఇంటికి, అదీ అప్పు చేసి కట్టినాక వస్తది. మా పక్క మంచం మీద ఉండే ముసలాయనకు అప్పిచ్చేవాళ్లు కూడా లేరు. ఆరోగ్యశ్రీ నడిస్తే ఆయనకూ, నాకూ కౌంటర్ దగ్గరే పని అయిపోతది. నేను అడగాల్సింది చెక్కు కాదని అప్పుడు తెలిసింది. రెండోసారి మా మహిళా సంఘం వాళ్లతో కలిసి వేరే తీరుగ పోయినం. ఆ తీరే చెప్తున్న.

ముందు ఒక్క కోరిక తేల్చుకోండి. "ఆరోగ్యశ్రీ బాగా అమలు చేయండి" అంటే ఎవరైనా "సరే అమ్మా" అని పంపిస్తారు. మేము అడిగింది ఇది: ఆసుపత్రులకు బిల్లులు కట్టే ఆరోగ్యశ్రీ ట్రస్టు నుంచి రావాల్సిన డబ్బు నెలనెలా విడుదల కావాలి, దాని గురించి మీరు అసెంబ్లీలో అడగాలి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచి పని. కానీ ఆసుపత్రికి బిల్లు ముట్టకపోతే ఆ 10 లక్షలు మా కార్డు మీద అంకెగానే ఉంటాయి.

తర్వాత కాగితాలు. మీ కార్డు, ఆసుపత్రి వాళ్లు డబ్బు కట్టించుకున్న రసీదు జాగ్రత్త చేసుకోండి. పథకంలో ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి. డిశ్చార్జి అయినాక 10 రోజుల మందులు, తిండి, తిరుగు ప్రయాణ ఛార్జీ కూడా ప్యాకేజీలోనే ఉంటాయని మా సంఘంలో సగం మందికి తెల్వదు. మీ జిల్లా ఆసుపత్రులకు ఎంత బాకీ ఉందో, ఎన్ని క్లెయిములు ఆగినాయో సమాచార హక్కు చట్టం కింద ఆరోగ్యశ్రీ ట్రస్టు పౌర సమాచార అధికారికి రాయండి. ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు నకలు జత చేస్తే అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అంకె చేతిలో ఉంటే ఎమ్మెల్యే మాట్లాడే తీరే వేరు.

అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. పైన కోరిక, కింద ఇద్దరు ముగ్గురికి జరిగింది, ఆ కింద సంతకాలు. ప్రతి సంతకం పక్కన ఊరి పేరు రాయించండి. ఎమ్మెల్యేలు ముందు చూసేది దాన్నే. మాకు 11 ఊళ్ల నుంచి 43 సంతకాలు వచ్చినాయి.

చెక్కులు పంచే రోజు పోవద్దు, ఆ గుంపులో మాట వినబడదు. పీఏకు ఫోన్ చేసి "పది నిమిషాలు కావాలె, చెక్కు పని కాదు" అని ముందే చెప్పండి. బడ్జెట్ సమావేశాలు మామూలుగా ఫిబ్రవరి, మార్చిలో ఉంటాయి కాబట్టి జనవరిలో పోతే మంచిది. వైద్య ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చ అప్పుడే వస్తది. ఐదుగురు చాలు. అందులో మిషన్ మీద ఉండే మనిషి ఒకరు ఉండాలి. మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి ఫిస్టులా, అంటే మిషన్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చేతి నరం, చూపించిండు. సూదులు గుచ్చి గుచ్చి తాడులా ఉబ్బిన ఆ నరాన్ని ఎమ్మెల్యే వేలితో తాకి చూసిండు. లోపల గుర్రుమని రక్తం పారుడు చేతికి తెలుస్తది. అప్పటిదాకా మోగుతున్న ఫోను పక్కన పెట్టేసిండు.

అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే "మన ప్రభుత్వాన్ని నేనెట్లా అడుగుతా?" అంటాడు. తప్పు పట్టమని అడగట్లేదు, నిధులు తెప్పించమంటున్నాం అని చెప్పండి. అయినా వెనకాడితే మంత్రికి ఉత్తరం రాయమని, నకలు మనకిమ్మని అడగండి. ప్రతిపక్షం వాళ్లయితే తొందరగా ఒప్పుకుంటారు, ఏ తేదీలోగా అడుగుతారో మాత్రం గట్టిగా పట్టుకోండి.

అన్నిటికన్నా పనికొచ్చింది, ప్రశ్నను మేమే రాసి తీసుకుపోవడం. మా సంఘంలో డిగ్రీ చదివే పిల్ల రాసింది: "వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి దయచేసి తెలుపుతారా: (అ) జిల్లాలో ఆరోగ్యశ్రీ ఆసుపత్రులకు చెల్లించవలసిన బకాయి ఎంత? (ఆ) ఎప్పటిలోగా చెల్లిస్తారు? (ఇ) ఇకపై నెలనెలా చెల్లించేందుకు తీసుకున్న చర్యలేమిటి?" ప్రశ్నలో వాదన, నింద ఉండొద్దు. నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇవ్వమని అడగండి, అప్పుడు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. ముందుగా నోటీసు ఇవ్వాలి కాబట్టి సభ మొదలైనాక పోతే ఆలస్యమైపోతది.

ఆంధ్రలో ఇదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది, దారి ఇదే. 70 ఏళ్లు దాటినోళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ 5 లక్షల దాకా ఇస్తది, దాని మాట ఎంపీ దగ్గర ఎత్తాలి.

వచ్చేటప్పుడు అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పదిహేను రోజులకొకసారి పీఏకు ఫోన్ చేయండి. మా ఎమ్మెల్యే మంత్రికి ఉత్తరం రాసిండు, నకలు మా సంఘం పుస్తకంలో అతికించినం. ప్రశ్న మాత్రం ఇంకా సభకు రాలేదు. వచ్చే జనవరికి మళ్లీ పోతున్నాం, ఇప్పటికి 17 ఊళ్ల సంతకాలు అయినాయి.