60 మీటర్ల స్టీమ్ లైనుకు ఎక్స్‌పాన్షన్ లూప్: సాఫ్ట్‌వేర్ తెరవకముందు తేల్చుకోవలసినవి

స్టీమ్ లైన్ పని చేతికిస్తే మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ముందు సీజర్ (పైపుల్లో స్ట్రెస్ లెక్కించే సాఫ్ట్‌వేర్) తెరుస్తారు. నేను తెరవనివ్వను. ముందు లేఅవుట్ ప్రింటు, పెన్సిలు, క్యాలిక్యులేటర్. ఈ లైన్ వేడెక్కితే ఎటు జరుగుతుంది, ఎంత జరుగుతుంది, జరిగే దారిలో ఏముంది? ఈ మూడూ చెప్పాకే లూప్, అంటే ఆ సాగుదలను తనలో సర్దుకోవడానికి లైనులో యూ ఆకారంలో పెట్టే వంపు.

ఫార్మా యూనిట్లలో తరచూ వచ్చే లైనే తీసుకుందాం. బాయిలర్ హౌస్ నుంచి ప్రొడక్షన్ బ్లాకుకి పైప్ ర్యాక్ మీద తిన్నగా 60 మీటర్లు, రెండు చివర్లా యాంకర్లు (పైపు ఎటూ కదలకుండా బిగించే చోట్లు). 6 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు, ఏ106 గ్రేడ్ బి, షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి). బయటి వ్యాసం 168.3, మందం 7.11 మి.మీ. ఆవిరి 10 బార్ గేజ్, 184 డిగ్రీలు.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది: ఇంత మందం ఎందుకు సార్? నిజమే, బి31.3 (ప్లాంటు పైపింగుకి వాడే ASME కోడ్) సూత్రంలో వేస్తే ఒత్తిడికి కావలసింది 0.6 మి.మీ. మాత్రమే. తుప్పుకి 1.5 కలిపి, మిల్లు టాలరెన్స్ 12.5 శాతం చూసుకున్నా 2.4 దాటదు. మిగతా మందం సపోర్టుల మధ్య పైపు కుంగిపోకుండా నిలవడానికీ, వెల్డింగుకీ, పాతికేళ్ల మొరటు వాడకానికీ. ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) లెక్క వేరుగా వేసి చూపాలి, ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 3.5 కేజీలు దాటిన స్టీమ్ పైపు దాని కిందకే వస్తుంది. డ్రాయింగ్ ఆమోదమయ్యాక లూప్ చోటు మార్చాలంటే మళ్లీ బాయిలర్ల శాఖ చుట్టూ తిరగాలి. అందుకే ఈ పెన్సిలు పని.

ఇప్పుడు సాగుదల. కార్బన్ స్టీల్ మీటరుకి డిగ్రీకి 0.012 మి.మీ. పెరుగుతుందనుకోండి. బిగించే రోజు ఉష్ణోగ్రత కొందరు 30 తీసుకుంటారు. నేను 20 తీసుకుంటాను, డిసెంబరు పొద్దున్నే చివరి జాయింటు వెల్డ్ చేసే రోజూ ఉంటుంది కదా. తేడా 164 డిగ్రీలు. 60 మీటర్లకు 118 మి.మీ., అంటే దాదాపు అర జానెడు.

దీన్ని అడ్డగిస్తే? కాగితం లెక్కలో యాంకర్ మీద 140 టన్నుల పైనే వస్తుంది. అంత రాకముందే పైపు పక్కకు వంగుతుంది, లేదా ర్యాక్ కాలమ్ లొంగుతుంది.

లూప్ సైజుకి బి31.3 లోనే ఒక పాత చిట్కా సూత్రం ఉంది. వ్యాసాన్ని మి.మీ.లో, సాగుదలనూ మి.మీ.లో గుణించండి. మొత్తం పైపు పొడవులోంచి యాంకర్ల మధ్య నేరు దూరం తీసేసి, మిగిలిన మీటర్ల వర్గంతో భాగించండి. 208 దాటకూడదు. మనకి 168.3ని 118తో గుణిస్తే సుమారు 19,860. 208తో భాగిస్తే 95.5, వర్గమూలం 9.8 మీటర్లు. లూప్‌కి రెండు కాళ్లు కాబట్టి ఒక్కో కాలు 4.9. నేను 5 వేస్తాను, వెడల్పు అందులో సగం, 2.5. ఇది మొదటి అంచనా మాత్రమే. గైడ్లు (పైపు పొడవునా జరగనిచ్చి పక్కకు కదలనివ్వని సపోర్టులు) పెట్టాక సూత్రం షరతులు పూర్తిగా వర్తించవు, ఆఖరి మాట సాఫ్ట్‌వేర్‌లో చేసే స్ట్రెస్ రన్‌దే.

లూప్‌ని మధ్యలో పెట్టండి. అప్పుడు రెండు వైపుల నుంచీ 59 మి.మీ. చొప్పున లూప్ వైపు వస్తుంది. ఎల్బో పక్కనే గైడ్ పెడితే కాలు వంగే వీలుండదు, లూప్ ఉండీ లేనట్టే. పెద్దవీ వేడివీ అయిన లైన్లను ర్యాక్ అంచున ఉంచితే వాటి లూప్‌లు బయటివైపుగా, చిన్న లైన్ల లూప్‌లు వాటి లోపల సర్దుకుంటాయి.

ఆవిరికి పడుకోబెట్టిన లూప్ మేలు. నిలబెడితే పైకెక్కే కాలికి ముందు కండెన్సేట్ (ఆవిరి చల్లారి అయిన నీళ్లు) చేరుతుంది. తప్పనిసరైతే అక్కడ ఆ నీళ్లు దిగే డ్రిప్ పాకెట్, ఆవిరిని ఆపి నీళ్లను మాత్రం వదిలే ట్రాప్ పెట్టాలి.

అసలు దెబ్బతినేది పెద్ద పైపు కాదు, దానికి తగిలించిన చిన్నది. ఒక ప్లాంటులో ట్రాప్‌కి వెళ్లే అంగుళం డ్రెయిన్‌ను సైట్‌లో ఎవరో కాలమ్‌కి యూ-బోల్టుతో గట్టిగా బిగించారు. మెయిన్ లైన్ రోజూ 50 మి.మీ. పోయి వస్తోంది. కొన్ని నెలలకు వెల్డోలెట్ (చిన్న పైపును పెద్దదానికి అతికే ఫిట్టింగ్) దగ్గర వెంట్రుకవాసి పగులు, దాంట్లోంచి సన్నగా ఈల వేస్తూ ఆవిరి. రెండుసార్లు వెల్డ్ చేశారట, యూ-బోల్టు మాత్రం ఎవరూ విప్పలేదు. బ్రాంచి లైన్లలో మొదటి సపోర్టుకు ముందు ఒక వంపు, తగినంత పొడవు వదిలితే చాలు.

"లూప్‌కి చోటు లేదు, బెలోస్ పెడదాం" అనే క్లయింటు ఎప్పుడూ ఉంటాడు. బెలోస్ అంటే ముడతలు సాగి ముడుచుకునే లోహపు గొట్టం. 10 బార్‌లో 6 అంగుళాల బెలోస్ యాంకర్లను దాదాపు మూడు టన్నులతో నెడుతుంది. లూప్‌తో అయితే షూల (పైపు కింద అతికి బీమ్ మీద జారే కాళ్ల) రాపిడి వల్ల వచ్చేది ఇన్సులేషన్‌తో కలిపి 350 కేజీల లెక్క, దానికి లూప్ వంగే బలం కొంచెం. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో రెండు బెలోస్ మధ్య తాత్కాలికంగా వేసిన 20 అంగుళాల వంకర పైపు తెగి 28 మంది పోయారు. దాని డ్రాయింగ్ వర్క్‌షాప్ నేల మీద సుద్దతో గీసినదే. బెలోస్ వద్దనను, కానీ ఆ నెట్టుడుకి యాంకర్ లెక్క సివిల్ వాళ్లకి రాసి ఇచ్చాకే సంతకం పెడతాను.

సపోర్టుల దూరం 6 అంగుళాలకు ఆవిరైతే 6.4 మీటర్లు, నీరైతే 5.2 అని పట్టిక చెబుతుంది. హైడ్రోటెస్ట్‌లో (నీటి ఒత్తిడితో చేసే పరీక్షలో) నీళ్లు నింపుతాం కనుక నేను చిన్నదే పట్టుకుంటాను.

ఆవిరి వదలబోయే ముందు ర్యాక్ మీద ఒకసారి నడవండి. పైపులను వరసలో సరిచేసేటప్పుడు (ఫిటప్) కదలకుండా షూని బీమ్‌కి చిన్న వెల్డు చుక్కతో టాక్ కొట్టి మర్చిపోవడం ప్రతి సైట్‌లోనూ ఉంటుంది, అవన్నీ గ్రైండ్ చేయించండి. ప్రతి షూ అంచున బీమ్ మీద పెయింటుతో గీత పెట్టండి. వేడెక్కాక గీతకీ షూకీ దూరం కొలిచి స్ట్రెస్ రిపోర్టుతో పోల్చండి. లూప్ పక్క షూ 59కి బదులు 20 దగ్గర ఆగిందంటే మధ్యలో ఎక్కడో పట్టేసింది. లైన్ చల్లారనివ్వండి, వెతకండి.