గంగజాతర వేషాల్లో ఊరి కథ చదవడం ఎలా?

మే నెలొస్తే గంగమ్మ జాతరకి తిరపతిలో యాడ చూసినా చీర కట్టుకున్న మగోళ్లే, మనం కూడా రెండు ఫోటోలు తీసి స్టేటస్ పెట్టేసి ఇంటికి పోతాం. ఈసారి ఒక నోట్‌బుక్ పట్టుకుని పోండి.

స్టెప్ 1: ముందు కంటికి కనిపించింది రాసుకోండి, అర్థాలు తర్వాత. తాతయ్యగుంట గంగమ్మ జాతరకి చాటింపు అయ్యాక రోజుకో వేషం. బైరాగికి ఒళ్లంతా తెల్ల నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటికి (ఊరి చాకిరీ చేసేవాడు) బొగ్గు, దొరకి గంధం, తర్వాత మాతంగి అనే ఆడ వేషం, సున్నపు కుండల వేషం, ఆఖర్న అసలు జాతర. ఎవరు ఎవర్ని తిడుతున్నారు, తిట్లు పడినోళ్లు ఎందుకు నవ్వుతున్నారు, అదీ రాయండి (అవును బూతులే, జాతరలో అదీ ఒక ఆచారం, అప్పుడు మాత్రం ఎవ్వరూ ఫీలవ్వరు).

స్టెప్ 2: కథ అడగండి, కానీ ఒక్కర్ని అడిగి ఆపేయొద్దు. మా అవ్వ చెప్పేదేంటంటే, ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు (ఊళ్లు ఏలే చిన్న దొర) ఒకడు తిరపతి పక్కన అవిలాల ఊళ్లో పెరిగిన గంగమ్మ మీద చెయ్యేశాడంట, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడంట, ఆమె రోజుకో వేషంలో వెతికి దొర వేషంలో పోయేసరికి వాడు బయటికొచ్చాడు, తల తీసేసింది, మర్నాడు మాతంగిగా పోయి వాడి పెళ్లాన్నే ఓదార్చింది. అదే కథ నాకు ఒక ఆటో అన్న చెప్తే తల తీయడంతోనే అయిపోయింది, ఓదార్పు లేదు. ఇట్లా ఎవరి నోట్లో ఏం మిగిలింది, ఏం జారిపోయింది అని పక్కపక్కన రాసుకోండి, అసలు సరుకు ఆడే ఉంటుంది.

స్టెప్ 3: ఇప్పుడు కొంచెం చరిత్ర. ఆ పాలెగాడు నిజంగా ఉన్నాడా అని వెతుకుతూ కూర్చోవద్దు, టైం వేస్ట్. పాలెగాళ్లు మాత్రం నిజం, విజయనగర రాజుల కాలం నుంచి ఈ సీమలో ఊళ్లు ఏలినోళ్లు, 1801లో ఆర్కాట్ నవాబు చేతిలోంచి ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి పోయాక వాళ్ల ఆట కట్టయింది. అది గుర్తు పెట్టుకుని మళ్లీ వేషాల వరస చూడండి. బైరాగి వస్తే వాడు బయటికి రాలా, ఊరి చాకిరీ చేసే తోటి వస్తే రాలా, తనకన్నా పైవాడు, దొర వచ్చాడంటే మాత్రం పరిగెత్తుకుంటా వచ్చాడు! ఎవడికి ఎవడు దండం పెడతాడో ఆ మెట్లన్నీ ఒంటికి పూసిన రంగుల్లోనే ఉన్నాయి, నాకిది తట్టడానికి ఎన్ని జాతరలు పట్టిందో.

స్టెప్ 4: సినిమా. 2024 డిసెంబర్‌లో వచ్చిన ‘పుష్ప 2’ జాతర సీన్ మళ్లీ పెట్టుకుని చూడండి. తెర మీద చూపంతా చీర కట్టిన హీరో మీదే, వీధిలో మొక్కు తీర్చుకునే మగోళ్లు వందల్లో. మన జాతరని అందరికీ చూపించారు, సంతోషమే, కాకపోతే మొక్కు అనేది ఫైటు కింద నలిగిపోయింది అనిపించింది నాకు.

ఫోన్ మొహం మీద పెట్టి వీడియో తీయొద్దు, అడిగి తీయండి. మొదట్నించీ ఈ వేషాలు కట్టే కైకాల కులం వాళ్లతో కూర్చుని మాట్లాడే ఛాన్స్ దొరికితే వదలొద్దు.

ఇంకోటి, గంగమ్మ ఏడుకొండలవాడికి చెల్లెలు అంటారు కదా, కొండ మీద నుంచి సారె కూడా వస్తుంది. పైన అన్నకి లడ్డు, కింద చెల్లెలికి అంబలి, వేపాకు, కోడి. ఒకే ఇంటి పిల్లలకి ఈ తేడా ఎందుకో మీ ఇంట్లో పెద్దోళ్లని అడగండి, మా ఇంట్లో అయితే అరగంట గొడవైంది.