రక్తం ఎక్కించే పిల్లల ఒంట్లో చేరే ఐరన్ మీద ఇంట్లో కన్నేసి ఉంచడం ఎలా

మా వాడికి ఇప్పుడు పదిహేడేళ్లు. ఏడో నెల నుంచి రక్తం ఎక్కిస్తున్నాం, మూడు వారాలకోసారి పొద్దున్నే కావలిలో రైలెక్కి నెల్లూరు పోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. కొత్తగా తలసీమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) అని తెలిసిన అమ్మానాన్నలు నన్ను అడిగేదంతా రక్తం గురించే, ఎక్కడ దొరుకుతుంది, దాత లేకపోయినా ఇస్తారా అని. అడగాల్సిందే. దాంతోపాటు ఐరన్ గురించి కూడా మొదటి ఏడాదిలోనే అడగండి, నేను ఆలస్యంగా అడిగాను.

లెక్క చూడండి. ఒక్క బ్యాగు రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, మన ఒళ్లు బయటకు పంపేదేమో రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే. మూడు వారాలకో బ్యాగు చొప్పున ఏడాదికి పదిహేడు, అంటే దాదాపు నాలుగు గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఉండేదే సుమారు అంత! అదంతా గుండెలో, లివర్‌లో, హార్మోన్ల గ్రంథుల్లో పేరుకుంటుంది. అందుకే గోంగూర పెట్టొచ్చా, రాగి సంకటి పెట్టొచ్చా అని దిగులుపడే తల్లులకు చెప్తుంటాను, తిననివ్వండమ్మా, బ్యాగుతో వచ్చేదాని ముందు అన్నంతో వచ్చేది చాలా తక్కువ అని. ఐరన్ టానిక్ మాత్రం చుక్క కూడా వద్దు. మా వాడి నాలుగో ఏట జ్వరానికి ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే రక్తం తక్కువుందని ఐరన్ సిరప్ రాసిచ్చారు, తెలియక రెండు నెలలు తాగించాం. ఆ సీసా గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ముందు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. రక్తం ఎక్కించిన ప్రతిసారీ తేదీ, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్, బ్యాగు నంబరు, ఎన్ని ఎం.ఎల్., బరువు, ఎత్తు రాయండి. ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9.5కి తగ్గకుండా చూసుకోవాలి. ఏడుకి పడిపోయేదాకా ఆగితే మూలుగ అతిగా పనిచేసి ముఖం ఎముకలు ఉబ్బుతాయి, ప్లీహం పెరుగుతుంది. మే ఎండల్లో కాలేజీలు మూసేస్తే రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి కాబట్టి ఏప్రిల్‌లోనే ఊళ్లో నలుగురితో మాట్లాడి పెట్టుకోండి.

మామూలుగా పది ఇరవై సార్లు రక్తం ఎక్కాక, లేదా ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 1000 దాటాక ఐరన్ తీసే మందు మొదలుపెడతారు. ఆ మందుల్లో ఒకటి డెఫెరాసిరాక్స్, అందులో నీళ్లలో కరిగే మాత్ర అయితే పరగడుపునే, టిఫిన్‌కి అరగంట ముందు ఇవ్వాలి. గ్లాసు నీళ్లలో వేసి బాగా కలిపి తాగించండి, పాలలో వద్దు. తాగాక గ్లాసు ఎత్తి వెలుతురులో చూడండి, అడుగున సున్నంలాగా తెల్లగా అంటుకొని ఉంటుంది, అదీ మందే. కొంచెం నీళ్లు పోసి తిప్పి మళ్లీ తాగించాలి. నేరుగా మింగే రకానికి మారిస్తే డోసు వేరు, పాత లెక్క ప్రకారం ఇచ్చేయకండి. ఈ మందు వాడేవాళ్లకు కిడ్నీ, లివర్ పరీక్షలు నెలనెలా పడాలి.

ఐరన్ తీసే ఇంకో మందు డెఫెరిప్రోన్ వాడుతుంటే ఒక్క మాట కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి: జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే మాత్ర ఆపి, ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించాలి. కొందరిలో ఈ మందు తెల్ల రక్తకణాల్ని ఒక్కసారిగా పడగొట్టేస్తుంది. మూత్రం ఎర్రగా రావడం మాత్రం ఈ మందుతో మామూలే, టెన్షన్ పడొద్దు.

ఫెర్రిటిన్ మూడు నెలలకోసారి చూడాలి, జ్వరంలో ఉన్నప్పుడు అది పెరుగుతుంది కాబట్టి ఒక్క రిపోర్టు చూసి నిర్ణయానికి రావద్దు. పదేళ్లు వచ్చేసరికి గుండెకి టీ2 స్టార్ ఎమ్మారై చేయించాలి, 20 కంటే తక్కువ వస్తే గుండెలో ఐరన్ చేరినట్టు, 10 లోపు అయితే ప్రమాదం. అప్పటి నుంచే ఏటా షుగర్, థైరాయిడ్, కాల్షియం, విటమిన్ డి కూడా. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) నమ్మొద్దు, ఒంట్లో తిరిగేది వేరేవాళ్ల రక్తం కదా, గ్లూకోజు తాగించి చేసే పరీక్ష అడగండి. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఏటా తప్పనిసరి.

పరీక్షల మధ్యలో పిల్లాణ్ణి మీరే చూస్తుండాలి. మా వాడు ఒకరోజు పప్పన్నం కలుపుతుంటే వేళ్లు కొంకర్లు పోయాయి, అన్నం ముద్ద చేతిలోనే ఉంది, పిడికిలి తెరవలేకపోయాడు. నరాల బలహీనత అనుకున్నాం. పరీక్ష చేస్తే కాల్షియం పడిపోయింది, పారాథైరాయిడ్ గ్రంథిలో ఐరన్ చేరిందన్నారు. ఆడపిల్లకు పదమూడు, మగపిల్లాడికి పద్నాలుగేళ్లు వచ్చినా ఎదిగే గుర్తులు కనిపించకపోతే సిగ్గుపడి ఊరుకోకండి, హార్మోన్ డాక్టరుకి చూపించండి, వైద్యం ఉంది.

పదిహేనో ఏట వాడు మాత్రలు తలగడ కింద దాచాడు, మూడు నెలలు మాకు తెలియలేదు. తిట్టి లాభం లేకపోయింది. పాత ఫెర్రిటిన్ అంకెలన్నీ వాడితోనే వరసగా రాయించి గీత గీయించాక మళ్లీ మొదలుపెట్టాడు, నోట్‌బుక్ ఇప్పుడు వాడి బ్యాగులోనే ఉంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది, మన ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000 పింఛను కూడా ఇస్తున్నారు, మీ ఊరి సచివాలయంలో అడగండి.

ఆయాసం, గుండె దడ, కాళ్ల వాపు వస్తే మాత్రం తర్వాతి తేదీ దాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి, ఒంగోలు దగ్గరైతే ఒంగోలుకి, నెల్లూరు దగ్గరైతే నెల్లూరుకి. డ్యూటీ డాక్టరుకి నోట్‌బుక్ చూపించి, ఒంట్లో ఐరన్ ఎక్కువుంది, ఈసీజీ, ఎకో చూడండి సార్ అని మీరే నోరు తెరిచి అడగండి.