నైట్రేట్ అయాన్‌లో హైబ్రిడైజేషన్, రెజొనెన్స్ కనుక్కోవడం ఎలా?

ఇంటర్‌లో కెమికల్ బాండింగ్ చాప్టర్ రాగానే చాలామంది ముందు షార్ట్‌కట్ ఫార్ములా బట్టీ పట్టేస్తారు. ఆన్సర్ ఎస్‌పీ2 అని టక్కున వచ్చేస్తుంది గానీ అక్కడ మూడు బొమ్మలు ఎందుకు గీస్తున్నాం అని అడిగితే నోరు పెగలదు. ఫార్ములా తప్పని కాదు, దాన్ని చివర్లో చెక్ చేసుకోడానికి వాడండి, ముందు మాత్రం పేపర్ మీద చేత్తో గీయండి. నైట్రేట్‌తో (NO3⁻, ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్లు) మొదలెడదాం, ఇది వచ్చేస్తే కార్బొనేట్ వచ్చేసినట్టే.

స్టెప్ 1: ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం

బయటి షెల్ ఎలక్ట్రాన్లే లెక్కలోకి వస్తాయి: నైట్రోజన్‌వి 5, ఆక్సిజన్‌వి ఒక్కోదానికి 6 చొప్పున 18, మొత్తం 23. అయాన్ మీద ఒక మైనస్ ఉంది కాబట్టి ఇంకొకటి కలిపితే 24. మైనస్ కనిపిస్తే కలపాలి, ప్లస్ కనిపిస్తే తీసేయాలి. మైనస్ చూడగానే చెయ్యి తీసివేతకి పోతుంది, అక్కడ కాస్త ఆగి రాయండి.

స్టెప్ 2: బొమ్మ గీయడం

మధ్యలో నైట్రోజన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు, మూడు సింగిల్ బాండ్లు. 6 ఎలక్ట్రాన్లు అయిపోయాయి, మిగిలిన 18 ఆక్సిజన్లకి మూడేసి లోన్ పెయిర్లుగా (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ జంటలుగా) పంచేయండి. ఇప్పుడు నైట్రోజన్ చుట్టూ ఆరే ఉన్నాయి, ఆక్టెట్ (8 ఎలక్ట్రాన్లు) నిండలేదు, అందుకని ఏదో ఒక ఆక్సిజన్ లోన్ పెయిర్‌ని లోపలికి లాగి డబుల్ బాండ్ చేయాలి. రెండు డబుల్ బాండ్లు మాత్రం వేయొద్దు, నైట్రోజన్‌కి బయటి షెల్‌లో ఒక 2ఎస్, మూడు 2పీ, అంతే, ఒక్కో ఆర్బిటాల్‌లో (ఎలక్ట్రాన్లు ఉండే చోటు) రెండే పడతాయి కాబట్టి నాలుగు ఆర్బిటాల్స్‌లో 8 కంటే ఎక్కువ పట్టవు.

ఫార్మల్ చార్జ్ (బాండ్ ఎలక్ట్రాన్లని సగం సగం పంచితే ఒక్కో ఆటమ్ మీద తేలే చార్జ్) కూడా చూసేయండి: నైట్రోజన్ మీద ప్లస్ 1, సింగిల్ బాండ్ ఉన్న రెండు ఆక్సిజన్ల మీద మైనస్ 1 చొప్పున, డబుల్ బాండ్ ఉన్నదాని మీద సున్నా. కూడితే మైనస్ 1, లెక్క సరిపోయింది.

స్టెప్ 3: రెజొనెన్స్

ఆ డబుల్ బాండ్ ఏ ఆక్సిజన్‌కి వేయాలి? మూడింట్లో దేనికైనా వేయొచ్చు, అందుకే మూడు బొమ్మలు. వాటి మధ్య రెండు వైపులా మొన ఉన్న ఒకే గీత పెట్టాలి, ఈక్విలిబ్రియమ్‌కి వేసే రెండు బాణాలు కాదు. అయాన్ ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి మారుతూ ఉండదు. తల్లి పోలిక, తండ్రి పోలిక రెండూ ఉన్న పిల్లాడు పొద్దున తల్లిలా సాయంత్రం తండ్రిలా ఉండడు కదా, ఎప్పుడూ ఒకేలా ఉంటాడు, ఇదీ అంతే, మూడు బొమ్మలూ కలిసిన ఒకే రూపం, దీన్నే రెజొనెన్స్ అంటారు. కొలిచి చూసినా మూడు బాండ్లూ ఒకే పొడవు, సుమారు 1.25 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సింగిల్ కంటే పొట్టి, డబుల్ కంటే పొడుగు. నాలుగు బాండ్లని మూడు చోట్ల పంచితే బాండ్ ఆర్డర్ (ఒక్కో చోటికి వచ్చే బాండ్ల సగటు) 1.33.

స్టెప్ 4: హైబ్రిడైజేషన్

నైట్రోజన్ చుట్టూ సిగ్మా బాండ్లు (రెండు ఆటమ్‌ల మధ్య పడే మొదటి బాండ్; డబుల్ బాండ్‌లో రెండోది పై, అంటే π బాండ్) మూడు, లోన్ పెయిర్ లేదు, కాబట్టి ఎస్‌పీ2. 1931లో లైనస్ పౌలింగ్ చెప్పిన పద్ధతిలో చూస్తే ఒక 2ఎస్, రెండు 2పీ కలిసి మూడు సమానమైన ఆర్బిటాల్స్ అవుతాయి (ఇలా కలవడమే హైబ్రిడైజేషన్), ఒకే ప్లేన్‌లో 120 డిగ్రీల దూరంలో. కలవకుండా మిగిలిన 2పీ ఆ ప్లేన్‌కి నిలువుగా నిలబడుతుంది.

అసలు అందం ఆక్సిజన్ దగ్గర ఉంది. సింగిల్ బాండ్ ఉన్న ఆక్సిజన్‌కి ఒక సిగ్మా, మూడు లోన్ పెయిర్లు, మొత్తం నాలుగు కాబట్టి ఎస్‌పీ3 అని రాసేస్తారు. కానీ పక్క బొమ్మలో అదే ఆక్సిజన్‌కి డబుల్ బాండ్ ఉంది, అక్కడ ఎస్‌పీ2 వస్తుంది. ఉన్నది ఒకే అయాన్ అయినప్పుడు ఒకే ఆటమ్‌కి బొమ్మకో హైబ్రిడైజేషన్ ఎలా కుదురుతుంది? కుదరదు. ఒక లోన్ పెయిర్ నిలువు పీ ఆర్బిటాల్‌లో ఉండాల్సిందే, మూడు ఆక్సిజన్లనీ ఎస్‌పీ2గానే చూడాలి. అప్పుడు నాలుగు ఆటమ్‌ల పీ ఆర్బిటాల్స్ సమాంతరంగా నిలబడి, 6 పై (π) ఎలక్ట్రాన్లు అయాన్ అంతా పరుచుకుంటాయి. సిగ్మాకి 6, ప్లేన్‌లోనే ఉన్న లోన్ పెయిర్లకి 12, పై (π) కి 6, కూడి చూడండి, మళ్ళీ 24.

స్టెప్ 5: మిగతా అయాన్ల మీద ట్రై చేయడం

కార్బొనేట్‌లో 4 ప్లస్ 18 ప్లస్ 2, అదే 24, అదే బొమ్మ. నైట్రైట్‌లో (NO2⁻) 18 ఎలక్ట్రాన్లు, రెండు సిగ్మా, ఒక లోన్ పెయిర్, ఇదీ ఎస్‌పీ2 నే కానీ లోన్ పెయిర్ నెట్టడం వల్ల యాంగిల్ సుమారు 115 డిగ్రీలకి తగ్గి వంగిపోతుంది, బొమ్మలు రెండు, బాండ్ ఆర్డర్ 1.5. అమ్మోనియమ్‌లో నాలుగు సిగ్మా బాండ్లు, ఎస్‌పీ3, పై బాండే లేదు కాబట్టి రెజొనెన్స్ ఊసే రాదు.

సల్ఫేట్ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. నాలుగు సిగ్మా కాబట్టి ఎస్‌పీ3, టెట్రాహెడ్రల్, నాలుగు బాండ్లూ సుమారు 1.49 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఇంతవరకు గొడవ లేదు. టెక్స్ట్‌బుక్‌లో రెండు డబుల్ బాండ్లతో ఆరు బొమ్మలు గీస్తారు, పరీక్షలో అలాగే రాయండి, కాకపోతే 8 దాటడానికి వాడుకుంటుందనుకున్న సల్ఫర్ డీ ఆర్బిటాల్స్ పాత్ర చాలా తక్కువని తర్వాత చేసిన లెక్కల్లో తేలింది, అందుకని పై క్లాసుల్లో అన్నీ సింగిల్ బాండ్లే వేసి సల్ఫర్ మీద ప్లస్ 2 పెట్టిన బొమ్మ కనిపిస్తే కంగారు పడకండి.