ఊరి మర్రికి చెదలు పడితే

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టుకు సెలైన్ పెట్టిన ముచ్చట చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది, కారణం చెదలు. ముందు మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే పోసింది పోసినట్టే బయటికి కారిపోయింది. దాంతో 2018 ఏప్రిల్‌లో అటవీ శాఖ వాళ్లు నీళ్లలో కలిపిన క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందును సెలైన్ సీసాల్లో నింపి, వందల సీసాలు చెట్టుకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. ఇప్పుడు ఏ ఊళ్లో పాత చెట్టుకు చెద కనబడ్డా "మనమూ సెలైన్ కడదామా" అంటారు. వద్దు. అది చెట్టు ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెలిసినవాళ్లు దగ్గరుండి చేసిన పని, అంతదాకా రాకుండా మనం చేయగలిగింది చాలా ఉంది.

మాను మీద మట్టి చారలు కనబడగానే టెన్షన్ పడకండి. చెదలు ఎక్కువగా తినేది పైన ఎండిన బెరడునే. చీపురుతో ఆ మట్టంతా రాల్చి ఒకచోట గోటితో గీకి చూడండి, మర్రయితే తెల్లగా పాలు ఊరుతాయి, అలా ఊరితే అక్కడ చెట్టు బాగున్నట్టే. రెండు రోజులాగి మళ్లీ చూడండి. అదే చోట తడిమట్టితో కొత్త చార లేచిందంటే చెదలు ఇంకా ఉన్నట్టు. కొమ్మను కర్రతో తట్టినప్పుడు డొల్లగా మోగితే మాత్రం దాని కింద పిల్లల్ని ఆడనివ్వకుండా అటవీ శాఖ వాళ్లను పిలిపించండి.

చెదలు తగ్గకపోతే మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, 20 శాతం క్లోరిపైరిఫాస్ లీటరు నీళ్లకు 5 మి.లీ. చొప్పున కలిపి ఆ మట్టి తడిసేలా పోయాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, కొన్నాళ్లు మేకల్ని అటు తోలొద్దు. చెరువు కట్ట మీదో, తాగే నీళ్ల బోరు పక్కనో ఉన్న చెట్టుకైతే ఈ మందు జోలికే పోవద్దు.

అసలు చెదలు లోపలికి దూరేది గాయాల నుంచి. కరెంటు తీగల కోసం కొట్టేసిన కొమ్మలు, గొడ్డలి గాట్లు, కొట్టిన మేకులు, ఇవే వాటికి దారి. కొమ్మ కొట్టాల్సి వస్తే రంపంతో నున్నగా కోసి బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఐదు లీటర్లలో, కిలో సున్నం ఐదు లీటర్లలో వేర్వేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తర్వాత కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. కలిపాక శుభ్రమైన కత్తిని కాసేపు అందులో ముంచి తీయండి, ఎర్రగా రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం వేయాలి.

మా ఊళ్లో చెట్టు చుట్టూ మొదలుకు ఆనించి సిమెంటు గద్దె కట్టారు. మంచికే కట్టారు, కానీ వాన నీళ్లు వేర్లకు దిగక రెండేళ్లలో ఒక పక్క కొమ్మలు ఎండిపోయాయి, చెదలు మొదట పట్టింది కూడా ఆ పక్కనే. ఆ సిమెంటు పగలగొట్టించడానికి ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డానో! దయచేసి మొదలు దగ్గర మట్టిని మట్టిగానే ఉంచండి.

ఇంకొకటి, ఊడలు. ఉయ్యాలకని, మేకలకని వాటిని తెంపుతూ ఉంటే కొమ్మ బరువు మోసేదేది? పిల్లలమర్రి దగ్గర ఊడలకు పైపులు తొడిగి నేలకు దించారు, బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలబెట్టారు. మనం కూడా ప్లాస్టిక్ పైపును నిలువునా రెండుగా చీల్చి, ఊడ చుట్టూ పెట్టి తాడుతో కట్టి, లోపల మట్టి, మాగిన ఎరువు నింపి ఎండాకాలమంతా తడుపుతూ ఉండొచ్చు. వెదురు బొంగు వద్దు, చెదలకు మేతవుతుంది. పచ్చి పేడా అంతే. ఊడ నేలలో దిగి గట్టిపడ్డాక తాడు విప్పితే పైపు రెండు ముక్కలుగా వచ్చేస్తుంది, పక్క ఊడకు కట్టుకోవచ్చు.