బయాప్సీ రిపోర్టు ఒక్కటే చాలదు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ దరఖాస్తు విధానం

మొన్నటి వేసవిలో 62 ఏళ్ల మా మేనత్తకు తోడుగా హైదరాబాదులోని ఒక ఆస్పత్రి ఓపీ వరుసలో నిలబడి ఉన్నప్పుడు, మా ముందున్న పెద్దావిడను కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి పంపించారు. తెల్లవారుజాము బస్సుకు ఊరి నుంచి వచ్చిన ఆమె దగ్గర ఆధార్ ఉంది, ఆహార భద్రత కార్డు ఉంది, నలగకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకున్న బయాప్సీ రిపోర్టు కూడా ఉంది. "స్లైడ్లు, బ్లాకు ఏవమ్మా?" అని అడిగితే ఆ మాటలే ఆమెకు కొత్త. గేటు బయట ఒకతను రెండు వేలిస్తే వాటిని తెప్పిస్తానని ఆమె కొడుకుతో బేరం మొదలుపెట్టాడు. ఒక చీటీ రాసిస్తే ల్యాబు వాళ్లే ఇచ్చే వస్తువులకు దళారి అవసరం లేదని ఆ కొడుకుకు చెప్పి పంపించాం. ఈ విధానాన్ని మొదటి నుంచి రాయడానికి కారణం అదే.

పరీక్ష దశలో పెద్ద చిక్కులు లేవు. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మధ్య స్త్రీలకు ఐదేళ్లకొకసారి ఈ క్యాన్సర్‌ను ముందే కనిపెట్టే పరీక్ష చేయాలి. బస్తీ దవాఖానాలో గానీ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడిగితే, అక్కడ చేయడం వీలుకాని పక్షంలో గాంధీ, ఉస్మానియా, పేట్లబురుజు వంటి పెద్ద ఆస్పత్రుల స్త్రీల విభాగానికి చీటీ రాసి పంపిస్తారు. దీనికి ఆధార్ తీసుకుని వెళ్లడం మంచిది.

అసలు ఆటంకం కాగితాలకన్నా ముందే ఇంట్లో ఉంటుంది. ముట్లు ఆగిపోయి పదేళ్లయిన స్త్రీ, భర్త పోయిన స్త్రీ, "ఈ వయసులో నాకెందుకు ఈ పరీక్ష" అని వెనక్కి తగ్గుతారు. ఈ క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం శారీరక సంబంధం ద్వారా సోకే హెచ్‌పీవీ అనే వైరస్. అందులోనూ 16, 18 అనే రెండు రకాల వల్లనే సుమారు 70 శాతం కేసులు వస్తాయి. చాలామందిలో ఆ వైరస్ ఒకటి రెండేళ్లలో తనంతట తానే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కాబట్టి అరవై ఏళ్ల వయసులో హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే అది ఎన్నడో యౌవనంలో సోకినది కావచ్చు. అది ఎవరి నడవడిక మీదా తీర్పు కాదు, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవలసిన పని అంతకన్నా లేదు. పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉన్నట్టు కూడా కాదు, ఇంకా లోతుగా చూడాలని మాత్రమే అర్థం.

వయసు మీరినవారి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ముట్లు ఆగిపోయాక, మార్పులు మొదలయ్యే భాగం ముఖద్వారం లోపలికి జరిగిపోతుంది కాబట్టి, పలుచని ఆమ్లం పూసి కంటితో చూసే వీఐఏ పరీక్షలో అది సరిగ్గా కనిపించకపోవచ్చు. వీరికి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయమని డాక్టరును అడగాలి. గర్భసంచి తీసేశారు కదా అని ధీమాగా ఉన్నవారు, ముఖద్వారం కూడా తీశారా లేదా అన్నది ఆపరేషన్ కాగితాలు డాక్టరుకు చూపించి తెలుసుకోవాలి. ముట్లు ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క ఎర్రబట్ట కనిపించినా, వాసనతో కూడిన తెల్లబట్ట అవుతున్నా, 65 దాటినా సరే, వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకూడదు.

పరీక్షలో అనుమానం కలిగితే ముఖద్వారం నుంచి చిన్న ముక్క తీస్తారు. అదే బయాప్సీ. ఇక్కడి నుంచి ప్రతి అడుగూ నిదానంగా వేయాలి, ఎందుకంటే క్యాన్సర్ చికిత్సకు ఆరోగ్యశ్రీ అనుమతి దీని మీదే ఆధారపడుతుంది. హెచ్‌పీవీ పాజిటివ్ అన్న కాగితంతోనో, స్కానింగ్‌లో గడ్డ ఉందన్న మాటతోనో క్యాన్సర్ చికిత్సకు అనుమతి రాదు.

చిన్న నర్సింగ్ హోముల్లో తీసిన ముక్కను, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేసి, బయటి ల్యాబులో ఇచ్చి రమ్మని బంధువుల చేతికే ఇస్తారు. ఆ సీసా మీద, ల్యాబు రసీదు మీద పేరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాలి. ఇంట్లో లక్ష్మి అని పిలుస్తాం కాబట్టి అదే చెబుతాం, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా లక్ష్మమ్మ అని ఉంటుంది. వారం తర్వాత రిపోర్టు ఒక పేరుతో, కార్డు ఇంకో పేరుతో ఉంటే ఇద్దరూ ఒకరేనని నిరూపించుకోవడానికి తిరగవలసి వస్తుంది. ఇప్పటికే అలా వచ్చి ఉంటే, ఆధార్ చూపించి ల్యాబులోనే రిపోర్టును సరిచేయించి, మళ్లీ సంతకం పెట్టించుకోవాలి. పెన్నుతో మీరే దిద్దితే ఆ రిపోర్టు చెల్లదు.

ఇక స్లైడ్లు, బ్లాకు. తీసిన ముక్కను ల్యాబులో మైనంలో పొదిగి, ఒక చిన్న ప్లాస్టిక్ చట్రంలో గట్టిపడనిస్తారు. బిస్కెట్ ముక్కంత ఉండే దాన్నే బ్లాకు అంటారు. దాని నుంచి అతి పలుచని పొర కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేస్తే అది స్లైడ్. రిపోర్టు ఒక డాక్టరు అభిప్రాయం మాత్రమే. చికిత్స మొదలుపెట్టే క్యాన్సర్ ఆస్పత్రిలోని డాక్టర్లు ఆ ముక్కను తమ కళ్లతో మరోసారి చూసుకున్నాకే రేడియేషన్ గానీ ఆపరేషన్ గానీ నిర్ణయిస్తారు, అందుకే అడుగుతారు. అది మిమ్మల్ని తిప్పించుకోవడం కోసం కాదు.

వాటిని తెచ్చుకోవడం సులువే. బయాప్సీ చేసిన ల్యాబు పేరిట తెల్లకాగితం మీద రోగి పేరు, రిపోర్టు పైన ఉండే బయాప్సీ నంబరు, తేదీ రాసి, "తదుపరి చికిత్స నిమిత్తం స్లైడ్లు, బ్లాకు ఇప్పించగలరు" అని సంతకం పెట్టి, ఆధార్ నకలు జతచేసి ఇవ్వాలి. దగ్గరి బంధువు వెళ్లినా చాలు, రోగి సంతకం మాత్రం ఉండాలి. వైద్య రికార్డులను అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే ఆలస్యం తగ్గుతుంది. తీసుకునేటప్పుడు బ్లాకు అంచున రాసిన నంబరు, స్లైడ్ మీది నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని అక్కడే నిలబడి చూసుకోవాలి. మైనం కాబట్టి ఎండలో ఆటోలో వదిలేస్తే మెత్తబడవచ్చు. స్లైడ్లను కాగితంలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టాలి.

బ్లాకు దొరకకపోతే భయపడవద్దు, మళ్లీ బయాప్సీ చేస్తారు. ఓపీలోనే కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది.

ఇవన్నీ చేతికి వచ్చాక రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి గానీ, ఆరోగ్యశ్రీ అమలులో ఉన్న మరో ఆస్పత్రికి గానీ వెళ్లవచ్చు. మెట్రోలో వచ్చేవారు లక్డీకాపూల్‌లో దిగాలి. లోపల ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి బల్ల ఉంటుంది. కార్డు, ఆధార్, రిపోర్టు ఆయనకే చూపించాలి. మిగతా దరఖాస్తు ఆస్పత్రివారే ఆన్‌లైన్‌లో పంపిస్తారు. దానికి మీరు ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ కింద చికిత్స ఖర్చు పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు.

కార్డు హైదరాబాదుదే కానక్కరలేదు, తెలంగాణలో ఏ జిల్లాదైనా చెల్లుతుంది. అయితే ఊళ్లో పెద్దకొడుకు కార్డులో తల్లి పేరు ఉందని ఇంటిల్లిపాదీ నమ్ముతూ ఉంటారు, తీరా చూస్తే ఉండదు. ఆస్పత్రికి బయలుదేరక ముందే కార్డులో ఆమె పేరును కళ్లారా చూసుకోండి. లేకపోతే వెంటనే మీసేవలో చేర్పు దరఖాస్తు పెట్టి, ఆ రసీదుతో ఆరోగ్యమిత్రను కలిసి ఈలోగా ఏం చేయవచ్చో అడగండి. చికిత్సను మాత్రం కార్డు కోసం ఆపవద్దు. సందేహం వస్తే 104కు ఫోన్ చేయవచ్చు.

రేడియేషన్ పడితే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు రావాలి, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ ఉంటుంది. అందుకే అనుమతి వచ్చిన రోజే బస ఎక్కడో, తోడు ఎవరో ఇంట్లో మాట్లాడుకోవాలి. ఆస్పత్రివారు చూసి తిరిగిచ్చిన బ్లాకును రిపోర్టుతో కలిపి బీరువాలో భద్రంగా ఉంచండి, ముందు ముందు మరో పరీక్ష అవసరమైతే మళ్లీ దాన్నే అడుగుతారు.