కీ ఇచ్చినా కదలని హార్న్‌బీ ఇంజన్

చెన్నై మూర్ మార్కెట్‌లో కొన్న పాత హార్న్‌బీ (బ్రిటిష్ బొమ్మరైళ్ల కంపెనీ) రేకు ఇంజన్‌కి స్ప్రింగ్ బాగానే ఉంది, చక్రాలే తిరగడం లేదు. విప్పేముందు స్ప్రింగ్ టెన్షన్ పూర్తిగా తీసేయాలి, లేకపోతే వేళ్లు తెగుతాయి. కీ గట్టిగా పట్టుకుని, పళ్లచక్రాన్ని ఆపే కొక్కెం ఎత్తి, కొంచెం కొంచెంగా వదిలాను. లోపల గ్రీజు గోధుమరంగు బంకలా గడ్డకట్టి పళ్ల మధ్య ఇరుక్కుంది. అసలు రోగం అదే! మెకానిజాన్ని రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనిచ్చాను. ఇరుసులు తిరిగేచోట సూదిమొనతో కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క పెట్టాను. అంతే, ‘O’ గేజ్ అనే కొలత బొమ్మపట్టాల మీద పరుగందుకుంది.

పై రేకుకి మాత్రం థిన్నర్ తగలనివ్వకండి, రంగు ఊడిపోతుంది. తడి దూది చాలు. ఉప్పుగాలి ఊరు కదా, తుడిచాక పల్చగా మైనం పూశాను. కొత్త పెయింట్ వేయమన్నారు కొందరు. నేను ఒప్పుకోను, ఆ గీతలన్నీ దాని వయసే.